సబ్‌వూఫర్ కేబుల్

ఇంట్లో సినిమా చూసే సరంజామాలో ఏవీ రిసీవర్ నుంచి సబ్‌వూఫర్‌కు మంద్రధ్వనుల సంకేతాన్ని తీసుకెళ్లే తీగ పేరు సబ్‌వూఫర్ కేబుల్. ఊఫర్ అనీ, బేస్ బాక్స్ అనీ మనం పిలుచుకునే ఆ బరువైన పెట్టెకు కరెంటు వైరు కాక సాధారణంగా వెళ్లేది ఈ ఒక్క తీగే. రెండు చివరలా ఒక్కో ఆర్‌సీఏ పిన్ను, మధ్యలో కోయాక్సియల్ తీగ, అంతే దాని స్వరూపం. దుకాణానికి వెళ్తే ఇదే తీగ కొన్ని వందల రూపాయలకూ దొరుకుతుంది, వేల రూపాయలకూ దొరుకుతుంది. ఏది కొనాలో తేల్చుకోవడానికి ముందు దాని పనేమిటో తెలియాలి. ఈ తీగకు మోయడం బరువు కాదు, మోత రాకుండా చూడటమే బరువు. కొనేటప్పుడు పట్టించుకోవలసినవి, పట్టించుకోనక్కర్లేనివి దాదాపు అన్నీ ఈ ఒక్క సంగతి నుంచే తేలతాయి.

మోసే సంకేతం

మనిషి చెవికి అందే ధ్వనులు సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఉంటాయి. అందులో అట్టడుగు ముక్క, అంటే 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా, సబ్‌వూఫర్ వాటా. బేస్ గిటారులో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. ఉరుములు, పేలుళ్లు అంతకన్నా కిందకు దిగుతాయి.

ఈ ముక్కకు విడి పెట్టె అవసరమని ముందు గుర్తించింది సినిమా హాళ్లే. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ సినిమా కోసం అమెరికా థియేటర్లలో సెన్‌సరౌండ్ పేరుతో భారీ మంద్రధ్వని పెట్టెలు దించారు. 1977లో ‘స్టార్ వార్స్’ 70 ఎం.ఎం. ప్రింట్లలో కొన్ని ట్రాకులను మంద్రానికే కేటాయించి, వాటికి ‘బేబీ బూమ్’ అని ముద్దుపేరు పెట్టారు. తర్వాత 1987లో అమెరికా చలనచిత్ర ఇంజినీర్ల సంఘం చర్చల్లో టామ్లిన్సన్ హోల్మన్ 5.1 అనే లెక్కను ముందుకు తెచ్చాడు. ఐదు పూర్తి ఛానెళ్లు, వాటి పక్కన ఇరుకైన మంద్రపు ఛానెల్ ఒకటి. చుక్క పక్కన ఉన్న ఆ 1 మన పెట్టె. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చింది. ఆ తర్వాత డీవీడీతో పాటు 5.1 ఇళ్లలోకి నడిచొచ్చింది.

రిసీవర్ వెనక ‘సబ్‌వూఫర్ ప్రీ అవుట్’ అని రాసి, తరచు ఊదారంగు చుట్టు ఉన్న రంధ్రం నుంచి రెండు సరుకులు కలిసి బయటికొస్తాయి. మొదటిది సినిమాలో విడిగా నమోదైన మంద్రపు ఛానెల్, రెండోది చిన్న స్పీకర్లు పలకలేవని రిసీవర్ వాటి దగ్గర కోసి ఇటు మళ్లించిన బేస్. ఈ కోత గీత సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అక్కణ్నుంచి వచ్చే వోల్టేజి ఒకటి రెండు వోల్టుల స్థాయిలో ఉంటుంది. సబ్‌వూఫర్ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10,000 ఓములు, లేదా అంతకన్నా ఎక్కువ. ఒక వోల్టును పదివేల ఓములతో భాగిస్తే మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు వస్తుంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగే కరెంటులో ఇది 400వ వంతుకు మించదు. గది అద్దాలు అదిరేలా కోన్‌ను కొట్టే శక్తి ఈ తీగలోంచి రాదు. అది సబ్‌వూఫర్ కడుపులోనే ఉన్న యాంప్లిఫయర్ నుంచి వస్తుంది, ఆ యాంప్లిఫయర్ గోడ ప్లగ్గు నుంచి నేరుగా కరెంటు తీసుకుంటుంది. కేబుల్ చేరవేసేది కబురు మాత్రమే.

స్పీకర్ వైరుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. స్పీకర్ వైరులో ఆంపియర్ల కొద్దీ కరెంటు పారుతుంది కాబట్టి అక్కడ లావు ముఖ్యం. సబ్‌వూఫర్ కేబుల్ విషయంలో ‘లావుగా ఉంటే బేస్ లావుగా వస్తుంది’ అన్న మాటకు ఆధారం లేదు.

తీగ లోపల

కోయాక్సియల్ తీగ ఆలోచన టీవీ కన్నా చాలా పాతది. ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లోనే దీనికి పేటెంటు పొందాడు. ఒక తీగ కబురు పక్క తీగలోకి దూరకుండా చూడటం ఆనాటి టెలిగ్రాఫు, టెలిఫోను మనుషుల తలనొప్పి. సంకేతం వెళ్లే తీగ చుట్టూ తిరుగు దారినే గొట్టంలా చుట్టేయడం హెవిసైడ్ ఉపాయం. 1929లో బెల్ సంస్థలకు చెందిన లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ దాన్ని దూరప్రసారాలకు పనికొచ్చే రూపానికి తెచ్చారు.

చివరనున్న పిన్నుకు కథ వేరే ఉంది. రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా 1930ల్లో గ్రామఫోను పళ్లేన్ని రేడియో పెట్టెకు తగిలించడానికి దీన్ని తయారుచేసింది. ఆ కంపెనీ పొడి అక్షరాలే పిన్ను పేరయ్యాయి. చవకగా చేసిన ఈ పిన్నులో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. తగిలించేటప్పుడు మధ్య మొన ముందు ఆనుతుంది, చుట్టూ ఉన్న గ్రౌండు ఉంగరం తర్వాత ఆనుతుంది. ఆ అరక్షణం తీగకు గ్రౌండు ఉండదు. సబ్‌వూఫర్ ఆన్‌లో ఉండగా పిన్ను గుచ్చితే ఇల్లదిరేలా ‘బ్రూమ్’ అనడానికి కారణం ఇదే. స్విచ్ ఆపి గుచ్చాలని మాన్యువల్‌లో రాసేది చాదస్తం కాదు, ఆ దెబ్బకు కోన్ దెబ్బతినే అవకాశముంది.

తీగ నాణ్యత తెలుసుకోవాలంటే ఒక ముక్కను కోసి చూడటం మేలు. ఇంటి మేడ మీద డిష్ నుంచి దిగే నల్ల తీగ, అదే ఆర్‌జీ-6, అందరికీ అందుబాటులో ఉండే నమూనా. బ్లేడుతో పై ప్లాస్టిక్ తొడుగు చుట్టూ గాటు పెట్టి లాగితే వెండిరంగు సన్నపోగుల అల్లిక కనిపిస్తుంది. దాని కింద జరీకాగితంలా మెరిసే అల్యూమినియం రేకు, రేకు కింద అదిమితే కొంచెం నొక్కుకునే తెల్లటి నురుగు ప్లాస్టిక్, నడిమధ్య ఒక మిల్లీమీటరు మందాన రాగిరంగు తీగ. దానికి చిన్న అయస్కాంతం ఆనిస్తే చాలాసార్లు టక్కున అంటుకుంటుంది. రాగి పైపూతే, లోపలిది ఉక్కు. డిష్ సంకేతాల స్థాయి పౌనఃపున్యాల్లో కరెంటు తీగ పైచర్మం మీదే పారుతుంది కాబట్టి అక్కడ ఈ పొదుపు చెల్లుతుంది.

మంద్రధ్వనులు తీగ మందమంతా పారతాయి, మరి ఉక్కు నష్టం కాదా? లెక్క వేస్తే 10 మీటర్ల ఉక్కు గుండె తీగ నిరోధం సుమారు ఒక ఓము. ఎదురుగా సబ్‌వూఫర్ ఇన్‌పుట్ 10,000 ఓములు. పోయేది పదివేలలో ఒక వంతు. ఏ చెవికీ అది అందదు.

ఆర్‌జీ-6తో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. దాని అల్లిక చాలా మటుకు అల్యూమినియం, దానికి మామూలు సోల్డరు అంటదు. ఇంట్లో ఉన్న డిష్ వైరుకు ఆర్‌సీఏ పిన్ను సోల్డరు చేసుకుందామని కూర్చున్నవారికి మధ్య తీగ చక్కగా అంటుకుంటుంది, గ్రౌండు మాత్రం ముద్దలా పైన నిలబడి రెండు రోజుల్లో ఊడిపోతుంది. అప్పట్నుంచి గుయ్‌మని మోత మొదలవుతుంది. ఆర్‌జీ-6 వాడదలిస్తే నొక్కి బిగించే పిన్నులు వేయించాలి, లేదా డిష్ వాళ్లు వేసే మర పిన్నుకు ఆర్‌సీఏ అడాప్టరు తొడగాలి. చేత్తో సోల్డరు చేసుకునేవారికి రాగి అల్లిక ఉన్న ఆర్‌జీ-59 గానీ మంచి మైకు కేబుల్ గానీ నయం. సీసీటీవీ పేరుతో అమ్మే ఆర్‌జీ-59లో కూడా రాగి పూసిన అల్యూమినియం కలుస్తోంది కనుక పోగును గీకి చూసి కొనాలి. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట తీగ మీటరు లెక్కన, పిన్నులు విడిగా దొరుకుతాయి.

50 హెర్ట్జ్ అనే పొరుగువాడు

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే గోడల్లోని ప్రతి తీగా, ప్రతి ట్రాన్స్‌ఫార్మరూ సెకనుకు 50 సార్లు ఊగే క్షేత్రాన్ని చుట్టూ చిమ్ముతుంటుంది. దాని రెట్టింపు 100 హెర్ట్జ్ కూడా తోడుంటుంది. ఈ రెండూ సబ్‌వూఫర్ ఇలాకా మధ్యలో పడతాయి. చిన్న టేబుల్ స్పీకరు 50 హెర్ట్జ్‌ను పలకనే లేదు కాబట్టి దాని తీగలో అది దూరినా మనకు తెలియదు. సబ్‌వూఫర్ పుట్టిందే దాన్ని పలకడానికి. దొంగను వెతుక్కుంటూ వెళ్లి తలుపు తీసినట్టు, దూరిన ప్రతి చుక్కనూ అది పెద్దది చేసి వినిపిస్తుంది. అర్ధరాత్రి సినిమా ఆపేశాక కూడా మూల నుంచి సన్నగా గుయ్‌మనడం చాలా ఇళ్లలో తెలిసిన అనుభవమే.

ఈ మోత తీగలోకి మూడు దారుల్లో వస్తుంది. విద్యుత్ క్షేత్రం నుంచి వచ్చేదాన్ని తీగ చుట్టూ ఉన్న లోహపు పొర, అంటే షీల్డు, ఆపుతుంది. రేకైనా అల్లికైనా ఈ పని బాగానే చేస్తుంది. అయస్కాంత క్షేత్రం నుంచి వచ్చేదాన్ని పల్చటి రాగి, అల్యూమినియం ఆపలేవు, 50 హెర్ట్జ్ వాటిలోంచి దర్జాగా దాటిపోతుంది. దానికి మందు దూరమే. స్టెబిలైజరు, ఇన్వర్టరు ట్రాన్స్‌ఫార్మరు, ఎక్స్‌టెన్షన్ బోర్డుల గుంపు పక్కన కేబుల్ చుట్ట పెట్టకపోతే సగం పని అయినట్టే.

మూడోది అన్నిటికన్నా జిత్తులమారిది. ఆర్‌సీఏ తీగలో షీల్డుకు రెండు కొలువులు: బయటి చెత్తను ఆపడం, సంకేతానికి తిరుగు దారిగా ఉండటం. రిసీవర్ పెట్టెకూ సబ్‌వూఫర్ పెట్టెకూ మధ్య ఏ చిన్న లీకేజీ కరెంటు పారినా ఈ షీల్డు మీదుగానే పారుతుంది. షీల్డుకు కొంత నిరోధం ఉంటుంది, దాని మీద ఆ కరెంటు కొంత వోల్టేజిని వదులుతుంది. సబ్‌వూఫర్ దృష్టిలో ఆ వోల్టేజి కూడా సంకేతమే, విడదీసి చూసే తెలివి దానికి లేదు. లీకేజీ 0.1 మిల్లీ ఆంపియర్ అనుకుందాం. షీల్డు నిరోధం ఒక ఓము ఉంటే సంకేతంలో కలిసేది 100 మైక్రో వోల్టులు. దట్టమైన రాగి అల్లికతో షీల్డు నిరోధం 0.1 ఓముకు దిగితే అది 10 మైక్రో వోల్టులే, అంటే 20 డెసిబెల్స్ తగ్గినట్టు. సబ్‌వూఫర్ కేబుల్ కోసం డబ్బు పెట్టదగ్గ చోటు ఏదైనా ఉంటే అది ఈ అల్లికే. పల్చటి రేకు, దాని వెంట వెంట్రుకంత గ్రౌండు తీగ మాత్రమే ఉన్న కేబుల్ విద్యుత్ క్షేత్రాన్ని ఆపగలదు గానీ, ఈ మూడో పరీక్షలో ఓడిపోతుంది. అట్ట మీద ‘నూరు శాతం షీల్డింగ్’ అన్న మాటను అందుకే పూర్తిగా నమ్మకూడదు. అది ఎంత కప్పిందో చెబుతుంది, ఎంత బాగా పారనిస్తుందో చెప్పదు.

షీల్డును ఒక్క చివరే కలిపి, లోపల రెండు తీగలు పెట్టి, పైన బాణం గుర్తు వేసిన కేబుళ్లు కూడా అమ్ముతారు. బాణం రిసీవర్ నుంచి సబ్‌వూఫర్ వైపు చూడాలి. ఇందులో మాయేమీ లేదు, కలిపిన చివర ఏదో చెప్పే గుర్తు. అయితే వీటిలో తిరుగు దారి సన్నటి లోపలి తీగే కాబట్టి, పైన చెప్పిన లెక్కలో ఇవి మామూలు రాగి అల్లిక కేబుల్ కన్నా వెనకబడటం కద్దు.

ఎర్త్ లూపు అనే పెద్ద చిక్కు

కేబుల్ మార్చినా మోత పోకపోతే, చాలాసార్లు కారణం కేబుల్ కాదు. రెండు పరికరాలు రెండు వేర్వేరు దారుల్లో భూమికి కలిసినప్పుడు ఆ దారులు, తీగ షీల్డు కలిసి ఒక చుట్టు అవుతాయి, ఎర్త్ లూపు అంటే ఇదే. అప్పుడు పారేది మిల్లీ ఆంపియర్లో పదో వంతు కాదు, అంతకు చాలా రెట్లు. ఎంత ఖరీదైన తీగ తెచ్చినా చుట్టు చుట్టుగానే ఉంటుంది.

రిసీవర్లకు చాలా వాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, మరి భూమి ఎక్కణ్నుంచి వచ్చిందని అడుగుతారు. జవాబు చాలా ఇళ్లలో కేబుల్ టీవీ తీగలో దొరుకుతుంది. వీధిలోంచి వచ్చే ఆ తీగ ఎక్కడెక్కడో భూమికి తగిలి, ఎవరెవరి ఇళ్లో తిరిగి మన సెట్‌టాప్ బాక్సులో దూరుతుంది. దాని పిన్ను విప్పుతూ వేలికి చురుక్కుమనిపించుకున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి, టీవీ నుంచి రిసీవర్‌కు, రిసీవర్ నుంచి సబ్‌వూఫర్‌కు ఆ భూమి నడిచొస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గున్న కంప్యూటరు కూడా ఇదే పని చేయగలదు.

పట్టుకునే పద్ధతి ఓపిక కోరుతుంది గానీ కష్టమేం కాదు. ముందు సబ్‌వూఫర్ నుంచి కేబుల్ పూర్తిగా తీసేసి ఆన్ చేయాలి. అప్పటికీ మోగితే రోగం సబ్‌వూఫర్‌లోనో, కరెంటులోనో ఉంది. మోగకపోతే పెట్టె ఆపి, కేబుల్ తగిలించి, రెండో చివర కూడా రిసీవర్‌కు గుచ్చి మళ్లీ ఆన్ చేయాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక చివర గాల్లో వదిలేసి, మొనకు వేలు తగిలించి, గుయ్‌మంది కాబట్టి తీగ పాడైందని తేలుస్తారు. తెరిచిన చివర ఉన్న ఏ తీగైనా అలాగే మోగుతుంది, అది యాంటెనా అయిపోతుంది. రెండు చివరలా తగిలించాక మోత ఉంటే రిసీవర్‌కు ఉన్న మిగతా తీగలు ఒక్కొక్కటే పీకుతూ రావాలి, మొదటి వంతు కేబుల్ టీవీదే. అది పీకగానే గది నిశ్శబ్దమైతే దొంగ దొరికినట్టు.

మందు కూడా అక్కడే వేయాలి. కేబుల్ టీవీ తీగకు ఐసొలేటరు వేస్తే లూపు తెగుతుంది. డిష్ ఉన్న ఇంట్లో మాత్రం ఆ మామూలు ఐసొలేటరును డిష్ తీగకు వేయకూడదు. మేడ మీద డిష్‌కు బిగించి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి సెట్‌టాప్ బాక్సు ఆ తీగ ద్వారానే 13 లేదా 18 వోల్టుల డీసీ పంపుతుంది. ఐసొలేటరు దాన్ని ఆపేస్తే తెర మీద సిగ్నల్ లేదన్న మాటే మిగులుతుంది. టీవీ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ తీగ వేయడం ఇంకో దారి. కాంతికి ఎర్తుతో పనిలేదు. కాకపోతే ఆప్టికల్ మీద డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటి నష్టం లేని ధ్వని రూపాలు రావు. రిసీవర్‌నూ సబ్‌వూఫర్‌నూ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి తీసుకోవడం ఖర్చు లేని ప్రయత్నం, ముందు చేసి చూడదగ్గది. ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఉన్నాయి. చవకరకంవి 20, 30 హెర్ట్జ్ దగ్గర చతికిలబడి, మోతతో పాటు అసలు బేస్‌నూ మింగేస్తాయి.

ఒక పని మాత్రం చేయకూడదు. మూడు పిన్నుల ప్లగ్గులో పై లావు పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మోత నిజంగానే పోవచ్చు. దానితో పాటు లోపల ఫేజు తీగ పెట్టెకు తగిలిన రోజున ప్రాణం కాపాడే దారి కూడా పోతుంది. పాత ఇళ్లలో మూడో రంధ్రానికి వెనక ఎర్తు తీగే ఉండదు. కొత్త కేబుల్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు చూపించుకోవడం మోతకూ మంచిదే, మనుషులకూ మంచిదే.

కరెంటు పోయినప్పుడే మోత వస్తుంటే మరో అనుమానం పెట్టుకోవాలి. చవక ఇన్వర్టర్లు గుండ్రటి తరంగం బదులు చదరపు తరంగాన్ని ఇస్తాయి, అందులో 50 హెర్ట్జ్ బేసి గుణిజాలు ఊరేగింపుగా వస్తాయి. అప్పుడు వినిపించేది గుయ్ కాదు, జుయ్.

దుకాణంలో వినిపించే మాటలు

ఆక్సిజన్ లేని రాగి, వెండి పూత, బంగారు పిన్ను, 75 ఓములు, తక్కువ కెపాసిటెన్స్. ఇవి అబద్ధాలు కావు, మరో పనికి సంబంధించిన నిజాలు.

వెండి పూతనే తీసుకుంటే, అది పనికొచ్చేది కరెంటు తీగ చర్మం మీద పారే హెచ్చు పౌనఃపున్యాల్లో. 120 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ చర్మం మందం సుమారు 6 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు మందపు తీగకు చర్మమూ కండా ఒకటే. పైగా వెండి రాగి కన్నా ఆరేడు శాతమే మెరుగైన వాహకం.

75 ఓముల మాట వీడియోకు, డిజిటల్ సంకేతానికి వర్తిస్తుంది. అక్కడ తీగ పొడవు తరంగదైర్ఘ్యంతో పోల్చదగ్గది, పొంతన కుదరకపోతే సంకేతం చివర తగిలి వెనక్కి వస్తుంది. తీగలో 120 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 1,600 కిలోమీటర్ల పైమాటే, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాటిపోయేంత. పది మీటర్ల తీగ దాని ముందు చుక్క కూడా కాదు. కాకపోతే ఈ నియమంలో మనకు ఒక లాభముంది: 75 ఓముల డిజిటల్ కోయాక్సియల్ తీగ, అదే నారింజ రంగు పిన్నుది, సబ్‌వూఫర్‌కు నిక్షేపంలా పనిచేస్తుంది. వీసీడీ ప్లేయర్ల కాలం నుంచి అటక మీద పడి ఉన్న ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల కట్టలో పసుపుది వీడియో తీగ. అది కాస్త మందంగా ఉన్న రకమైతే ముందు దాన్ని తగిలించి చూడటంలో తప్పులేదు. చాలా ఇళ్లలో కథ అక్కడే ముగుస్తుంది.

కెపాసిటెన్స్ సంగతీ అంతే. మీటరుకు 100 పికో ఫారడ్లున్న తీగ 10 మీటర్లు వేశామనుకుంటే మొత్తం 1,000 పికో ఫారడ్లు. రిసీవర్ అవుట్‌పుట్ నిరోధం 1,000 ఓములైనా ఈ జంట సంకేతాన్ని కోయడం మొదలుపెట్టేది 1,59,000 హెర్ట్జ్ దగ్గర. మన పని 120తో అయిపోతుంది.

బంగారు పూతకు మాత్రం కొంత న్యాయం చేయాలి. బంగారం రాగి కన్నా తక్కువ వాహకం, కానీ చిలుము పట్టదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉప్పుగాలిలో చవక పిన్నుల మీద పచ్చటి పొర కడుతుంది. ఏడాదికోసారి పిన్ను తీసి తుడిచి తిరిగి గుచ్చే అలవాటుంటే నికెల్ పూతైనా చాలు. పూత కన్నా పట్టు ముఖ్యం. వదులుగా ఊగే పిన్ను మంచి తీగను కూడా చెడగొడుతుంది. అతిగా బిగిసే బరువు పిన్ను తీసేటప్పుడు రిసీవర్ సాకెట్టునే ఊడబెరుకుతుంది.

రెండు సబ్‌వూఫర్లకు సమానమైన పొడవున తీగలు వేయాలన్న సలహా కూడా తరచు వినబడుతుంది. పది మీటర్ల తీగను సంకేతం దాటడానికి పట్టేది సుమారు 50 నానో సెకన్లు. అంత వ్యవధిలో గాలిలో శబ్దం వెంట్రుక మందం కూడా కదలదు. ఒక తీగ రెండు మీటర్లు, మరొకటి పన్నెండు మీటర్లు ఉన్నా ఫరక్ లేదు.

తీగల మీద ఈ మాటల వ్యాపారం కొత్తది కాదు. అమెరికాలో నోయెల్ లీ 1979లో మాన్‌స్టర్ కేబుల్ కంపెనీ పెట్టి, తీగను ధ్వని నాణ్యత పేరిట అమ్మడాన్ని జనబాహుళ్యానికి అలవాటు చేశాడు. 1983 ఆగస్టులో ‘స్టీరియో రివ్యూ’ పత్రికలో లారెన్స్ గ్రీన్‌హిల్ స్పీకర్ వైర్ల మీద కళ్లకు గంతలు కట్టినట్టు చేసిన పరీక్షల ఫలితాలు రాశాడు. బాగా సన్నటి తీగను శ్రోతలు కొంతవరకు గుర్తుపట్టారు గానీ, సంగీతం వింటూ మామూలు ల్యాంపు వైరునూ ఖరీదైన తీగనూ నమ్మకంగా విడదీయలేకపోయారు. అది స్పీకర్ వైరు మాట. అంతకన్నా తేలిక పని చేసే సబ్‌వూఫర్ కేబుల్‌కు వాదన ఇంకా బలహీనపడుతుంది.

పొడవు, దారి

సబ్‌వూఫర్ ఎక్కడ ఉంటుందో తేలాకే తీగ కొనాలి, అది రిసీవర్ పక్కనే ఉండనక్కర్లేదు. గాలిలో 40 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు, మన హాలు కన్నా పెద్దది. అందుకే గదిలో కొన్ని చోట్ల బేస్ ఉబ్బుతుంది, కొన్ని చోట్ల మాయమవుతుంది. మనం కూర్చునే సోఫా మీద సబ్‌వూఫర్‌ను పెట్టి, ఒక పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ బేస్ నిండుగా, నిలకడగా వినిపించిన చోటును వెతకడం పాత చిట్కా. చూసేవాళ్లు నవ్వుతారు, ఫలితం మాత్రం బాగుంటుంది. దొరికిన చోటికి తీగ ఎంత కావాలో గోడ వారగా, తలుపు చుట్టూ తిప్పి టేపుతో కొలవాలి. తర్వాత ఒక మీటరు కలుపుకోవాలి, శుభ్రం చేసేటప్పుడు పెట్టె జరపాలి కదా. సబ్‌వూఫర్ వీపు గోడకు ఆనేట్టుంటే మడత తిరిగిన పిన్ను అడగాలి, నిటారు పిన్నుకు అయిదారు సెంటీమీటర్ల చోటు కావాలి.

ఇల్లు కడుతున్నవారికి ఇంకా మంచి అవకాశముంది. స్లాబు, గోడల పనప్పుడే రిసీవర్ ఉండే చోటు నుంచి గది రెండు మూలలకు విడి పైపు వేయించుకోవాలి. కరెంటు తీగల పైపులోనే దీన్ని కూడా తోయిస్తామంటే ఒప్పుకోకూడదు. మోత ఒకటే కాదు, 230 వోల్టుల తీగ పక్కన సంకేతపు తీగ ఉండటం ప్రమాదం. మామూలు 20 మిల్లీమీటర్ల పైపులో వంపుల దగ్గర ఆర్‌సీఏ పిన్ను ఇరుక్కుంటుంది, 25 మిల్లీమీటర్ల పైపు వేసి ఎల్బోలు తగ్గించి, లోపల లాగుడు తీగ వదిలిపెట్టాలి. పైపు చిన్నదైతే ఉత్త తీగ లాగి, బయటికొచ్చాక పిన్ను వేయించుకోవచ్చు. బయట వేసే తీగను కరెంటు తీగకు ఒక అడుగు దూరంలో నడపాలి, దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి. ఎలుకలున్న ఇంట్లో పైపు కావలసింది ధ్వని కోసం కాదు, తీగ వాటికి తిండి కాకుండా ఉండటానికి.

సబ్‌వూఫర్ వెనక ఎడమ, కుడి అని రెండు రంధ్రాలుంటే ఒక్క తీగ ఎక్కడ గుచ్చాలన్నది తరచు వచ్చే సందేహం. ‘ఎల్‌ఎఫ్‌ఈ’, అంటే మంద్రపు ఛానెల్, అని రాసిన రంధ్రంలో గుచ్చితే చాలు. రెండింటికీ, ఒక చివర రెండుగా చీలే వై తీగ వేస్తే కొన్ని సబ్‌వూఫర్లలో శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అది వాల్యూం తిప్పితే వచ్చేదే తప్ప కొత్త బేస్ కాదు. వై తీగ నిజంగా పనికొచ్చేది రిసీవర్‌కు ఒకటే అవుట్‌పుట్ ఉండి, సబ్‌వూఫర్లు రెండున్నప్పుడు.

ఆర్‌సీఏ కాని చోట

లోపల యాంప్లిఫయర్ లేని పాసివ్ ఊఫరుకు, ముఖ్యంగా ఒకే డబ్బాలో వచ్చే పాత హోమ్ థియేటర్ సెట్లలో దానికి, సబ్‌వూఫర్ కేబుల్ పనికిరాదు. దానికి స్పీకర్ వైరు కావాలి, అక్కడ లావు నిజంగానే లెక్కకొస్తుంది. 10 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రానుపోను నిరోధం సుమారు 0.14 ఓము, 4 ఓముల ఊఫరుకు సరిపోతుంది. అలాంటి ఊఫరును కొత్త రిసీవర్ ప్రీ అవుట్‌కు తగిలిద్దామని ఆర్‌సీఏ పిన్ను అతికించేవాళ్లున్నారు. మధ్యలో యాంప్లిఫయర్ లేకపోతే అది మూగదే.

సబ్‌వూఫర్ అవుట్‌పుట్ లేని స్టీరియో యాంప్లిఫయర్‌కు సబ్‌వూఫర్ కలపాలంటే స్పీకర్ బిగింపుల నుంచే సంకేతం తీసుకునే హై లెవల్ ఇన్‌పుట్ కొన్ని సబ్‌వూఫర్లకు ఉంటుంది. వేల్స్‌కు చెందిన ఆర్‌ఈఎల్ కంపెనీ ఈ పద్ధతికి పేరుపొందింది, దానికి న్యూట్రిక్ స్పీకాన్ పిన్నున్న మూడు తీగల కేబుల్ వాడుతుంది. స్పీకర్ తీగలే అయినా ఇందులో పారే కరెంటు అత్యల్పం, సన్నటి వైరే చాలు.

దూరం 15 మీటర్లు దాటితే, ఎర్త్ లూపు ఎంతకీ వదలకపోతే, రెండు వైపులా సౌకర్యముంటే ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ కేబుల్‌కు మించింది లేదు. కచేరీ వేదికల మీద మైకులకు కనిపించే మూడు మొనల పిన్ను ఇదే. మొదటి మొన షీల్డు, రెండోది సంకేతం, మూడోది దాని తలకిందులు. దారిలో దూరిన మోత రెండో, మూడో తీగల మీద ఒకే రకంగా పడుతుంది. అవతల వాటి తేడాను మాత్రమే తీసుకుంటారు కాబట్టి మోత తనలో తానే కొట్టుకుపోతుంది. షీల్డు ఇక్కడ తిరుగు దారి కాదు, ఆర్‌సీఏకు పుట్టుకతో వచ్చిన బలహీనత దీనికి లేదు. ఒక వైపు మాత్రమే ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటే అడాప్టరు వేయడం వల్ల ఈ లాభంలో చాలా భాగం పోతుంది.

తీగే వద్దనుకునేవారికి వైర్‌లెస్ కిట్లు ఉన్నాయి. చాలావరకు 2.4 లేదా 5 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. సంకేతం కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రిసీవర్‌లో సబ్‌వూఫర్ దూరాన్ని ఒక్కో మిల్లీ సెకనుకు 34 సెంటీమీటర్ల చొప్పున పెంచి దాన్ని సర్దుకోవచ్చు, ఆటోమేటిక్ కొలత చేసే రిసీవర్లు ఆ పని తామే చేసేస్తాయి. రిసీవర్‌కూ సబ్‌వూఫర్‌కూ మధ్య లోహపు తీగ లేదు కాబట్టి ఎర్త్ లూపు మోత కూడా ఆగిపోతుంది. సబ్‌వూఫర్ వెనక ప్లగ్గు పాయింటు ఉందా లేదా అన్నది మాత్రం కిట్టు కొనే ముందే చూసుకోవాలి.